తవుడుకు కొన్న పిల్ల

"నవ్వులాటకు అన్నాం" అనే మాట మా ఇంటి గేటు దాటి లోపలికి రాకూడదు. ఎంత దగ్గరి చుట్టం అన్నా సరే, చేతిలో ఏ పండ్ల సంచి పట్టుకొచ్చినా సరే, చాయ్ కూడా పొయ్యకుండా సాగనంపుతాను. ఇప్పటికి ఒకరిని సాగనంపాను కూడా. ఆ సంగతి చివర చెబుతాను.

నా పేరు సుగుణమ్మ. బొగ్గు గనుల దవాఖానలో మందుల స్టోరు చూసి రిటైరయ్యాను. ఏ సీసా ఏ అరలో ఉండాలో ఆ అరలోనే ఉండాలి, లేకపోతే మనిషి ప్రాణం పోతుంది అనే పద్ధతిలో బతికిన మనిషిని. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ డైరీ రాస్తున్నాను. వాన పడిందా, ఎవరొచ్చారు, ఎవరు పోయారు, అంతే ఉంటుంది అందులో. అవి నా కోసం. ఇది మాత్రం మా కెజియాలాంటి పిల్లలున్న ఇళ్ల కోసం. నిజానికి ఆ ఇళ్ల కంటే, ఆ ఇళ్లకు వచ్చి తిని, నాలుగు మాటలు అని, చెయ్యి కడుక్కుని పోయే చుట్టాల కోసం. గండం గడిచింది కనుక రాయగలుగుతున్నాను. కోపం తగ్గలేదు. తగ్గించమని నేను ప్రార్థన కూడా చెయ్యలేదు.

కెజియా నా మనుమరాలు. నా కొడుకు ప్రభుదాసుకు, కోడలు రూతుకు ఒక్కతే బిడ్డ. పినపాకలో మా ఇంట్లోనే అందరం ఉంటాం.

పేరు తెలియని రోజులు

కెజియాకు మాటలు ఆలస్యంగా వచ్చాయి. వచ్చాక గడగడా వచ్చాయి, కానీ ఎవరితోనో మాట్లాడుతున్నట్టు ఉండేవి కావు. చర్చిలో ఆరాధన అయ్యాక అందరూ "వందనాలమ్మా" అని చెయ్యి చాపుతారు కదా, కెజియా ఆ మనిషిని చూసేది కాదు, చేతికున్న గడియారాన్ని చూసేది. ముల్లు ఆగిపోయి ఉంటే ఆ సంగతి చెప్పి పక్కకు పోయేది. దాంతో పొగరు అన్నారు. రూతు పెంపకం అన్నారు. ఫోను చేతికిచ్చి పాడు చేసింది అన్నారు, తమ పిల్లల చేతుల్లోంచి ఫోను ఊడబెరకలేని వాళ్లే. పాస్టరమ్మ ఉపవాస ప్రార్థన పెట్టింది. పెట్టినందుకు నాకు కోపం లేదు. నెల తిరిగాక "విశ్వాసం తక్కువైందమ్మా మీ ఇంట్లో" అని రూతు మొహం మీద అన్నందుకు ఉంది.

రూతు ఆ రోజుల్లో సగమైంది. ప్రభుదాసు గని నుంచి వచ్చి, తిని, గోడవైపు తిరిగి పడుకునేవాడు. వాడిని అడిగితే, "పెద్దగైతే అన్నీ అవే వస్తయమ్మా" అనేవాడు. వాడికి భయం. ఆ భయాన్ని నిద్ర అని పేరు పెట్టుకున్నాడు.

ఖమ్మం, వానకాలం

చివరకు నేనే పట్టుబట్టి ఖమ్మం తీసుకుపోయాను. పొద్దున ఎక్కిన బస్సు దిగేసరికి పిల్ల వాంతులతో సోలిపోయింది. డాక్టరు దగ్గర వెయిటింగ్ హాలులో టీవీ మోగుతూ ఉంది, ఎవరూ చూడటం లేదు. కట్టేయమంటే కౌంటరులోని కుర్రది రిమోటు తన దగ్గర లేదంది. కెజియా రెండు చెవులూ మూసుకుని కుర్చీ కింద దూరింది. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి, ఇస్త్రీ బట్టలు, "పిల్లలను అదుపుల పెట్టుకోవాలె గదమ్మా" అన్నాడు. ఆయన కూడా ఎవరో బిడ్డను తీసుకునే వచ్చి ఉంటాడు. అయినా అన్నాడు.

ముదిగొండ నుంచి వచ్చిన ఒకామె మాత్రం ఏమీ అనకుండా లేచి, టీవీ వైరు ఎక్కడుందో వెతికి ప్లగ్గు పీకేసింది. కౌంటరు కుర్రది ఏదో అంటుంటే వినిపించుకోకుండా తన జాగాలోకి వచ్చి కూర్చుంది. ఆమె పేరు అడగటం మరిచిపోయాను. ఆ రోజు రాసుకున్న మంచి సంగతి అదొక్కటే.

డాక్టరు మంచివాడే కావచ్చు, మాకు కేటాయించినంత సేపట్లో తెలుసుకోలేకపోయాను. ఆటిజం అన్నాడు. తగ్గే జబ్బు కాదు, మెదడు తీరే అంత, నేర్పితే నేర్చుకుంటుంది అన్నాడు. చీటీ మీద రాస్తూనే ఇదంతా చెప్పాడు. రూతు బయటకొచ్చి మెట్ల మీద కూర్చుంది. నాకు మటుకు గుండె కొంచెం కుదుటపడింది. సీసాకు చీటీ అంటించినట్టయింది. ఇక ఏ అరలో పెట్టాలో చూసుకోవచ్చు అనుకున్నాను.

శిక్షణ ఇచ్చే అమ్మాయి వేరే చోట ఉంది. ఆమె మా కళ్లముందే ఒక పని చేసింది. బిస్కెట్ డబ్బా తెచ్చి కెజియా ముందు మూత తీసింది. లోపల దారపు ఉండలు. మూత పెట్టేసి, "ఇప్పుడు మీ నాన్న తలుపు తీసుకుని వస్తే, డబ్బాలో ఏముందనుకుంటాడు?" అని అడిగింది.

"దారం."

"నాన్న లోపల చూడలేదు కదా?"

"దారమే ఉంది కదా," అంది కెజియా, ఇంత తెలివితక్కువ ప్రశ్న ఏమిటన్నట్టు.

ఆ అమ్మాయి మాకు విడమరిచి చెప్పింది. ఎదుటి మనిషి మనసులో వేరే సంగతి ఉండొచ్చు అన్నది ఈ పిల్లకు తనంతట తోచదు. మనం ఒకటి అంటూ ఇంకొకటి అనుకుంటాం, ముఖం చూసి మామూలు పిల్లలు దాన్ని పట్టేస్తారు. ఈమె మాటను మాటగానే తీసుకుంటుంది. కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఉత్త బెదిరింపులూ ఎక్కిరింపులూ వద్దు అంది.

నేను ఇంటికొచ్చి చుట్టాలందరికీ వరసగా ఫోన్లు చేసి ఈ మాట చెప్పాను. అందరూ అయ్యో అన్నారు. రూతు తమ్ముడు శామ్యూలు నవ్వాడు. సత్తుపల్లిలో ఓపెన్‌కాస్టు బొగ్గు గని దగ్గర టిప్పర్లు తిప్పుతాడు, నోటి దురుసు కంటే నోటి సరదా ఎక్కువ, అందరికీ ప్రాణం. "అయితే ఇక మీ ఇంటికొస్తే కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు మాట్లాడాలా అత్తమ్మా," అన్నాడు.

బడి

ఒక టీచరు విసుక్కుని, "పో, మళ్ళ నాకు నీ ముఖం చూపెట్టకు," అందట. తెల్లారి తల్లి చున్నీ ముఖానికి చుట్టుకుని కెజియా బడికి పోయింది. దారి కనపడక గుమ్మానికి తగిలింది. క్లాసంతా నవ్వితే, తనను వెక్కిరిస్తోందని టీచరు వీపు మీద రెండు అంటించింది. నేను పోయి అడిగితే, "మీరే నేర్పి పంపినట్టున్నరు," అంది. ఆమెతో నేను మాట్లాడిన మాటలు ఇక్కడ రాయను. ఆ తర్వాత ఆమె కెజియా జోలికి రాలేదు, మంచికీ రాలేదు.

ఈస్టర్ తర్వాత

శామ్యూలు పెళ్లాం పిల్లలతో వచ్చాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాయి, పాస్టరు గారి కుటుంబం కూడా ఉంది. కెజియా వాకిట్లో కోళ్లకు తవుడు కలుపుతోంది. శామ్యూలు చాప మీద వాలి పిలిచాడు.

"కెజ్జమ్మా, నువ్వు మా అక్క బిడ్డవు కాదే. నిన్ను ఈ ఊరి సంతలోనే తవుడుకు కొన్నాం. గంపెడు తవుడు పోశాం. మీ అసలమ్మ ఇప్పపువ్వు అమ్ముతది, ఇప్పటికీ వస్తది సంతకి."

మన దగ్గర ఈ మాట వినకుండా పెరిగిన పిల్ల లేదు. నన్నూ అన్నారు. పిల్లలు చటుక్కున తల్లి ముఖంలోకి చూస్తారు. అక్కడ దాచుకున్న నవ్వు కనిపిస్తుంది. ఏడుస్తూనే అది అబద్ధమని తెలిసిపోతుంది. ఈ ఆట మొత్తం ఆ ఒక్క చూపు మీద నడుస్తుంది. ఆ చూపే మా పిల్లకు లేదని ఫోన్ చేసి మరీ చెప్పాను.

కెజియా తవుడు గిన్నె వంక చూస్తూ, "గంప ఎంత పెద్దది?" అని అడిగింది. అందరూ పడీ పడీ నవ్వారు.

నేను నవ్వలేదు. "అది అబద్ధం బిడ్డా," అన్నాను. కెజియా తలెత్తి, "మామ అబద్ధం చెప్పిండా?" అంది. సండే స్కూల్లో అబద్ధం పాపమని నేర్పారు. ఆమెకు అది లెక్కల్లాగ, మినహాయింపు లేదు. శామ్యూలు గుండెల మీద చెయ్యి పెట్టుకుని, పాస్టరు గారి ముందే, "నేను చెప్తానా అబద్ధం? ప్రార్థన చేసుకునేవాణ్ణి," అన్నాడు. మళ్లీ నవ్వులు.

కెజియా అదే మాట తల్లిని అడిగింది. రూతు అటు తమ్ముణ్ణి చూసింది, ఇటు పాస్టరు గారిని చూసింది. పదిమందిలో తమ్ముణ్ణి అబద్ధాలకోరు అనలేకపోయింది. నవ్వుతూనే, "మామ అబద్ధం చెప్పడు బిడ్డా," అంది.

పిల్ల గిన్నె కింద పెట్టి లోపలికి పోయింది. నేను గొడవ పెట్టుకున్నాను. "అత్తమ్మకు సరదా తెల్వది," అని శామ్యూలు భార్య అంది.

ఆ సాయంత్రం కెజియా వంటింట్లోకి వచ్చి, "ఆంటీ, మంచినీళ్లు," అంది. ఎవరొచ్చారోనని రూతు వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు.

ఆంటీ

ఆ వేసవంతా రూతు తన బిడ్డకు ఆంటీ. పిల్ల అలిగి కాదు, కోపంతో కాదు. చాలా మర్యాదగా. జడ వేస్తే "థాంక్యూ ఆంటీ" అనేది. రూతు ఒళ్లో కూర్చోబెట్టుకోబోతే, పరాయివాళ్ల ఒళ్లో కూర్చోకూడదు కదా అని లేచిపోయేది. అదీ మేమే నేర్పాం. నిన్ను కన్నది నేనే అని రూతు ఏడిస్తే, "మామ అబద్ధం చెప్పడని నువ్వే చెప్పినవ్," అనేది. తాళం వేసింది రూతే, తీయాలంటే తానే అబద్ధం చెప్పానని ఒప్పుకోవాలి. "రేపటి నుంచి నా మాట ఏది నమ్మది అత్తమ్మా," అని వెనక్కి తగ్గేది.

శిక్షణ అమ్మాయికి ఫోన్ చేస్తే, అన్నవాళ్లే వెనక్కి తీసుకోవాలి, సూటిగా, అబద్ధం అనే మాటతో, అంది. శామ్యూలుకు ఫోన్ చేశాం. "ఊరికే అన్నాలేరా కెజ్జమ్మా," అన్నాడు. "అబద్ధమా?" అని ఇటునుంచి. "అబద్ధమంటే... అబద్ధమేం కాదు, సరదా," అని అటునుంచి. ఫోన్ నా చేతికిచ్చి పిల్ల పోయింది. టిప్పర్ల డ్రైవర్ల మీద అజమాయిషీ చేసే మగాడు, ఎనిమిదేళ్ల పిల్లకు ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదు.

ఈలోగా చుట్టాలు పిల్లదే మొండితనమన్నారు. ప్రభుదాసు మొదటిసారి గొంతెత్తి, ఆ తమ్ముడు మళ్లీ ఈ ఇంటికొస్తే కాళ్లు విరగ్గొడతా అన్నాడు. రూతు ఆ రాత్రి అన్నం తినలేదు. తమ్ముడి కోసమో బిడ్డ కోసమో ఆమెకే తెలియదు.

సంత రోజు

రూతు తల్లి బలవంతం మీద శామ్యూలు వచ్చాడు, కేకు డబ్బాతో. ప్రభుదాసు డ్యూటీలో ఉన్నాడు. ముందు గదిలో కూర్చోబెట్టి చెప్పమన్నాను. చెప్తాలే అంటూ కేకు కోశాడు. చెప్పకుండానే కేకు తిన్నాడు. నేను గొంతు పెంచితే విసుగొచ్చి, "ఇంత బాధెందుకు అత్తమ్మా, ఆ గంపెడు తవుడు వాపసిస్తే వాళ్లమ్మే తీసుకుపోతది, మీకు నిమ్మళం," అన్నాడు. మళ్లీ సరదా. తలుపు వెనక పిల్ల ఉందని ఎవరం చూడలేదు.

మా మాటలు అరుపులై, అరుపులు రూతు ఏడుపై, కాస్త నెమ్మదించాక నేను నీళ్ల కోసం లేచాను. వెనక వసారాలో తవుడు డ్రమ్ము మూత తీసి పక్కన పెట్టి ఉంది. పెద్ద స్టీలు డబ్బా లేదు. పిల్ల కూడా లేదు. అరిచానో లేదో గుర్తులేదు. ముగ్గురం చెప్పులు లేకుండానే సంతకు పరుగెత్తాం.

సంత చివర, అడవి ఊళ్ల వాళ్లు చింతపండూ విస్తరాకులూ పెట్టుకునే వైపు, జనం గుంపుగా ఉన్నారు. మధ్యలో ఒక కోయ ఆడమనిషి, ఎండిన ఇప్పపువ్వు గంప ముందు పెట్టుకుని. ఆమె పక్కన, ఆమె పైట నీడలో కెజియా, ఒళ్లో తవుడు డబ్బా. ఎండలో వచ్చిన పిల్లకు ఆమె నీళ్లు తాగించిందని తర్వాత తెలిసింది. గుంపుకు అది అక్కరలేదు. "ఎక్కడి నుంచి ఎత్తుకొచ్చినవ్," అని ఒకడు. ఫోను ఎత్తి వీడియో తీస్తూ ఇంకొకడు. ఆమె తన భాషలో ఏదో చెబుతోంది, మధ్యలో ఒకటీ అరా తెలుగు మాటలు, చేతులు అడ్డంగా ఊపుతోంది. ఒకడు కాలితో గంపను తన్నాడు. పువ్వంతా మట్టిలో పడింది.

కెజియా మాత్రం బడిలో పాఠం అప్పజెప్పినట్టు, ఎవరడిగితే వాళ్లకు చెబుతోంది. "ఈమె మా అసలమ్మ. నన్ను తవుడుకు అమ్మింది. తవుడు వాపసియ్యనీకి వచ్చిన." తను నిజం చెబుతున్న కొద్దీ ఆమె మీదికి ఎందుకు వస్తున్నారో ఆ పిల్లకు అర్థం కావడం లేదు. ప్రతి మాటకూ గుంపు ఇంకో అడుగు ముందుకేస్తోంది. బిడ్డనమ్ముకున్నదట అనే మాట వెనక వరస దాకా పాకింది.

శామ్యూలు జొరబడి చేతులెత్తి అన్న మొదటి మాట ఏమిటో రాస్తున్నాను. "అన్నా, పిల్లకు బుద్ధి సరిగా లేదు, దాని మాటలు పట్టించుకోకండి."

నేను వాడి చొక్కా పట్టుకున్నాను. జీవితంలో ఎవరి చొక్కా పట్టుకోలేదు. "పిల్ల బుద్ధి సక్కగనే ఉన్నది. నువ్వేమన్నవో చెప్పు. వీళ్లందరు వినేటట్టు చెప్పు."

"నవ్వులాటకు అన్నాను," అన్నాడు.

కెజియా అడిగింది. "నవ్వులాట అంటే అబద్ధమా?"

శామ్యూలు నేల చూశాడు, ఫోనువాడిని చూశాడు. నేను చొక్కా వదల్లేదు.

"అబద్ధం," అన్నాడు. "నేను అబద్ధం చెప్పాను."

పిల్ల తల్లి వైపు తిరిగింది. ముఖంలోకి కాదు, మెడలో గొలుసు వైపు. "మామ అబద్ధం చెప్పడన్నవ్."

రూతు అక్కడే మట్టిలో కూర్చుంది. "నేను గూడ అబద్ధమే చెప్పిన బిడ్డా. మామ ఇజ్జత్ పోతదని చెప్పిన. నిన్ను ఎవ్వరి దగ్గర కొనలే. నేనే కన్న."

కెజియా లేచి నిలబడి డబ్బా ఎత్తుకుని, ఆ ఇప్పపువ్వు ఆమెతో, "అయితే ఈ తవుడు నీకు రాదు," అంది.

గుంపు గొల్లున నవ్వింది. నన్ను నమ్మండి, అన్నిట్లోకీ నాకు అసహ్యం పుట్టించింది ఆ నవ్వే. గంపను తన్నినవాడు కూడా నవ్వాడు. నవ్వి, దులుపుకుని, మిరపకాయలు బేరమాడటానికి పోయాడు. పువ్వు ఏరడానికి నేనూ రూతూ వంగితే, ఆమె మా చేతులు తోసేసింది. "పోండి," అంది. ఆ ఒక్క తెలుగు మాట స్పష్టంగా వచ్చింది ఆమెకు.

తిరిగి నడిచి వస్తున్నాం. శామ్యూలు చాలా ముందు పోతున్నాడు. రూతు డబ్బా తీసుకుని చంకన పెట్టుకుంది, కళ్లకు దారి కనపడటం లేదు ఆమెకు.

"అమ్మా, మూత సక్కగ పెట్టు," అంది కెజియా. "తవుడు పోతంది."

రూతు ఇంటి దాకా ఆ మూత మీద నుంచి చెయ్యి తీయలేదు.

ఇప్పుడు

పిల్ల మళ్లీ బడికి పోతోంది, వేరే బడి. ఎవరైనా ఏదైనా అంటే, "ఇది నిజమా, నవ్వులాటా?" అని అడగడం శిక్షణ అమ్మాయి నేర్పింది. అడుగుతోంది. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

ప్రతి సంతకూ నేనూ కెజియా పోతాం. ఆ ఇప్పపువ్వు ఆమె ఇప్పుడు ఆ జాగాలో కూర్చోదు. మమ్మల్ని చూస్తే గంప ఎత్తుకుని అవతలి వరసకు పోతుంది. మొన్న కెజియా అది గమనించింది. తనంతట తాను ఒక మనిషి కదలికను గమనించి, ఎందుకని అడగడం నాకు తెలిసి అదే మొదటిసారి.

"ఆమె ఎందుకు పోతంది నానమ్మా?"

"మనమంటే భయం బిడ్డా."

"మామ చెప్పింది అబద్ధమని ఆమెకు తెల్వదా?"

"తెలుసు."

"తెలిస్తే ఎందుకు భయం?"

దీనికి జవాబు బిస్కెట్ డబ్బా పరీక్ష పెట్టిన ఆ అమ్మాయి దగ్గర కూడా ఉంటుందనుకోను. కెజియానే, "మామ మనకే చెప్పిండు. ఆమెకు చెప్పలే," అంది. "మామను పిల్చుకొచ్చి ఆమెకు చెప్పిద్దాం."

శామ్యూలు పోయిన ఆదివారం మామిడిపండ్ల సంచితో వచ్చాడు. గేటు దగ్గరే పిల్ల కోరిక చెప్పాను. అడవి మనిషి ముందు నిలబడి క్షమాపణ చెప్పాలా, అయినా పిల్ల దొరికింది కదా, ఏదో నవ్వులాటకు అన్నదానికి, అంటూ మొదలుపెట్టాడు.

గేటు వేశాను. సంచి బయటే ఉంది. సంత బుధవారం. దారి వాడికి తెలుసు.